అప్పగింతల్లో వచ్చిన అప్పులు



ప్రభుత్వం మారిన నెలా రెండు నెలల్లో మనం తప్పకుండా వినే మాట ఒకటుంది. “ఖజానా ఊడ్చిపెట్టి పోయారు” అని వచ్చినవాళ్ళు అంటారు. “అవి తప్పుడు లెక్కలు” అని పోయినవాళ్ళు అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 20న కొత్త ప్రభుత్వం శాసనసభలో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం మీద 6 లక్షల 71 వేల కోట్ల రూపాయల పైచిలుకు అప్పుందని చెప్పింది. నాలుగు రోజులకే ప్రతిపక్షం ‘స్వేదపత్రం’ పేరుతో తన లెక్క తాను విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఒకదాని వెంట ఒకటి శ్వేతపత్రాలు వచ్చాయి. జులై 26న వచ్చిన ఆర్థిక శాఖ పత్రంలో 9 లక్షల 74 వేల కోట్ల అంకె ఉంది. దాన్నీ అవతలి పక్షం ఒప్పుకోలేదు.

ఎవరి లెక్క ఒప్పో తీర్పు చెప్పడానికి నేనిక్కడ కూర్చోలేదు. ఇవాళ చెప్పదలచుకున్నది అంతకంటే పెద్ద అప్పగింత సంగతి. 1991 జూన్‌లో దేశం ఖజానా తాళాలు ఒక తెలుగువాడి చేతికొచ్చిన సందర్భం. ఆ కథ అందరికీ తెలిసిందేగా అంటారేమో. పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్, ఆర్థిక సంస్కరణలు, లైసెన్సుల రాజ్యానికి చెల్లుచీటీ. మనకు గుర్తున్నది ఇదే. కానీ అదే కథను జమాఖర్చుల పుస్తకం ముందు పెట్టుకుని చదివితే కొంచెం వేరుగా ఉంటుంది. అందులో గెలుపు ఎంతో, గెలవలేనిది ఎంతో తేటగా తెలుస్తుంది.

1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికల్లో ఒక విడత పోలింగే అయింది. మిగతాది జూన్‌కు వాయిదా పడింది. ఫలితాలొచ్చాక కాంగ్రెసు పెద్ద పార్టీగా తేలిందే కాని మెజారిటీ రాలేదు. ఆ ఎన్నికల్లో అసలు పోటీయే చేయని పీవీ, ఢిల్లీ నుంచి పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు తిరిగొచ్చేద్దామనుకుంటున్న పీవీ, జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. ఇంకో వారానికి ఆయనకు 70 ఏళ్ళు నిండబోతున్నాయి. ప్రమాణానికి ముందే క్యాబినెట్ కార్యదర్శి నరేశ్ చంద్ర ఒక రహస్య నోట్ ఆయన చేతిలో పెట్టారు. దేశం ఆర్థికంగా ఎక్కడ నిలబడి ఉందో అందులో ఉంది. ఎన్నో శాఖలు చూసిన పీవీకి పరిస్థితి బాగా లేదని తెలుసు. ఇంత దూరం వచ్చిందని మాత్రం తెలియదు.

మర్నాడు, జూన్ 22న ఆయన జాతినుద్దేశించి మాట్లాడారు. పరిస్థితి కటకటగా ఉందని, మెత్తటి మందులతో నయం కాదని ప్రజలకు ముందే చెప్పారు. నెల తర్వాత జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగంలో ఆ కటకట ఎంతో అంకెల్లో చెప్పారు. విదేశీ మారక నిల్వలు సుమారు 2,500 కోట్ల రూపాయలు. అవి రెండు వారాల దిగుమతులకు సరిపోతాయి. అంటే పదిహేనో రోజు దాటాక ముడి చమురు నౌకకు గాని, ఎరువుల నౌకకు గాని డబ్బు కట్టడానికి చేతిలో డాలర్లుండవు. ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో 8 శాతం దాటింది. 1970ల మధ్యలో అది 4 శాతం, 1980ల మొదట్లో 6 శాతం. కేంద్రం ఖర్చు చేసే ప్రతి 100 రూపాయల్లో దాదాపు 20 రూపాయలు వడ్డీలకే పోతున్నాయి. టోకు ధరలు ఏడాదిలో 12 శాతం పెరిగాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం విడమరచి చెప్పాలి. ఇందులో రెండు లోట్లున్నాయి. ఒకటి రూపాయల్లో లోటు, ఇంకొకటి డాలర్లలో లోటు. రూపాయల లోటును ప్రభుత్వం ఎలాగోలా పూడ్చుకుంటుంది. బ్యాంకుల దగ్గర అప్పు చేస్తుంది, రిజర్వు బ్యాంకును నోట్లు అచ్చువేయమంటుంది. డాలర్లను మనం అచ్చువేయలేం. అయినా రెండో లోటు మొదటి లోటు కడుపున పుట్టిందే. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు పెడుతూ పోతే ఆ డబ్బు బజారులోకి వస్తుంది, అందులో కొంత విదేశీ సరుకు కోసం బయటికి పోతుంది. చమురు, ఎరువులు, ఆయుధాలు, యంత్రాలు. 1980ల్లో ఆ తేడాను విదేశీ వాణిజ్య రుణాలతో, ప్రవాస భారతీయుల డిపాజిట్లతో భర్తీ చేశారు. 1991 మార్చి నాటికి విదేశీ అప్పు 8,300 కోట్ల డాలర్లు దాటింది. అందులో కొంత మూడు నెలలకో ఆరు నెలలకో తిరగరాయించుకోవాల్సిన అప్పు. నమ్మకం ఉన్నంతకాలం తిరగరాస్తారు. నమ్మకం పోయిన రోజున “ముందు బాకీ కట్టండి” అంటారు.

ఆ నమ్మకం పోవడానికి సాకు 1990 ఆగస్టు 2న దొరికింది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగబాకింది. గల్ఫ్‌లో పనిచేసుకుంటున్న మనవాళ్ళు లక్ష మందికి పైగా కట్టుబట్టలతో ఎయిరిండియా విమానాలెక్కి తిరిగొచ్చారు. వాళ్ళలో కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఇంటికి పంపే సొమ్ము ఆ ఇంటి పొయ్యికే కాదు, దేశానికి డాలర్లుగానూ పనికొచ్చేది. అది ఆగింది. సోవియట్ యూనియన్ కూలిపోయే దశలో ఉండడంతో రూపాయల్లో జరిగే వ్యాపారమూ దెబ్బతింది. ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. గల్ఫ్ యుద్ధమే కారణమని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ అదే చమురు ధర చాలా దేశాల మీద పడింది. గట్టి ఇల్లు గాలివానకు నిలబడుతుంది.

మరి ఈ అప్పు ఎవరు చేశారు? నాకు ఆసక్తి అనిపించే చోటు ఇదే.

పీవీ కంటే ముందు చంద్రశేఖర్ ప్రభుత్వం ఉంది. అది ఏడు నెలలు. దానికి ముందు వి.పి. సింగ్ ప్రభుత్వం. అది 11 నెలలు. రైతులకు 10 వేల రూపాయల దాకా రుణమాఫీ అమలు చేసింది ఆ ప్రభుత్వమే. దానికి ముందు ఐదేళ్ళు రాజీవ్ గాంధీ. అప్పు కొండలా పెరిగింది ఆ కాలంలోనే. కానీ రాజీవ్ ప్రభుత్వంలో మొదటి రెండేళ్ళు ఆర్థికమంత్రి ఎవరు? ఆ వి.పి. సింగే. ఆ ప్రభుత్వంలో పెద్ద శాఖలు చూసినవాళ్ళలో పీవీ ఒకరు. ప్రణాళికా సంఘానికి ఉపాధ్యక్షుడిగా 1985 నుంచి 87 దాకా ఉన్నది మన్మోహన్ సింగ్. అంతకు ముందు రిజర్వు బ్యాంకు గవర్నరూ ఆయనే. చివరికి చంద్రశేఖర్‌కు ఆర్థిక వ్యవహారాల సలహాదారు కూడా ఆయనే. కాబట్టి 1991 జూన్‌లో పీఠమెక్కినవాళ్ళు ఎవరి మీద నెపం వేసినా అది తిరిగొచ్చి తమ గుమ్మంలోనే పడుతుంది. బహుశా అందుకే ఆ ప్రభుత్వం నిందలకు ఎక్కువ సమయం ఖర్చు చేయలేదు. లోక్‌సభలో సంఖ్యాబలం లేకపోవడమూ అందుకు కారణమే. రేపు సభలో తటస్థంగా ఉండమని ఎవరిని అడగాలో, వాళ్ళను ఇవాళ దొంగలనడం కుదరదు. పీవీ ప్రతిపక్ష నాయకులకు అధికారుల చేత పరిస్థితి వివరంగా చెప్పించారు. జులై 15న విశ్వాస తీర్మానం నెగ్గింది. సభలో కొన్ని పార్టీలు ఓటు వేయకుండా ఉండిపోవడం వల్లే అది నెగ్గింది.

ఇంకో సంగతి. పాత ప్రభుత్వం కొత్తవాళ్ళకు అప్పులు మాత్రమే మిగల్చలేదు. కొన్ని చేదు పనులు తానే చేసి పెట్టింది. చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 జనవరిలోనే అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చింది. దిగుమతుల మీద రిజర్వు బ్యాంకు ఎంత బిగించిందంటే, సరుకు విలువ కంటే ఎక్కువ నగదు బ్యాంకులో ముందుగా కడితే తప్ప దిగుమతి చేసుకోవడానికి వీల్లేదంది. కర్మాగారాలు మూలిగాయి గాని డాలర్లు నిలిచాయి. మార్చిలో కాంగ్రెసు మద్దతు విషయం తగవై చంద్రశేఖర్ రాజీనామా చేశాక, పూర్తి బడ్జెట్ పెట్టే యోగం ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హాకు దక్కలేదు. నాలుగు నెలల ఖర్చుకు అనుమతి తీసుకుని ఎన్నికలకు వెళ్ళారు. ఆ ఎన్నికల వేడిలోనే బంగారం నిర్ణయం జరిగింది. ప్రచారంలో ఉన్న సిన్హా సంతకం కోసం ఫైలు పాట్నా వెళ్ళిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

ఆ బంగారం సంగతి చెప్పుకోవాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మెడలో బంగారం తాకట్టుకు పోయిందంటే ఆ ఇంటి కష్టం ఎంత దాచినా ఊరికి తెలిసిపోతుంది. 1991లో దేశానికి జరిగిందదే. మేలో, అంటే ఆపద్ధర్మ ప్రభుత్వం ఉండగా, దొంగరవాణాదారుల దగ్గర పట్టుకున్న బంగారంలో 20 టన్నులను స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌లోని ఒక బ్యాంకుకు తిరిగి కొనుక్కునే షరతు మీద అమ్మారు. సుమారు 20 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. అవి చాలలేదు. జులైలో, పీవీ ప్రభుత్వం వచ్చాక, రిజర్వు బ్యాంకు సొంత బంగారం దాదాపు 47 టన్నులు బొంబాయి నుంచి విమానాల్లో లండన్‌కు వెళ్ళింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ కలిసి 40 కోట్ల 50 లక్షల డాలర్లు అప్పిచ్చాయి. బంగారం ఇక్కడే ఉంచుకుని కాగితం మీద తాకట్టు పెట్టుకోండని మనవాళ్ళు అడిగినా ఒప్పుకోలేదు. సరుకు కదలాల్సిందేనన్నారు. అప్పిచ్చేవాడు మన మాట కంటే మన లోహాన్నే నమ్మాడు.

ఆ రోజుల్లో ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసే జాయింట్ సెక్రటరీ కూడా మనవాడే. కడప జిల్లాలో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డి. తర్వాత 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. బ్యాంకులను గట్టి కట్టుబాట్లలో ఉంచుతాడని ఆయన మీద విమర్శ ఉండేది. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు ఆ విమర్శ పొగడ్తగా మారింది. 1991లో రోజువారీ డాలర్ల లెక్క చూసుకుంటూ బతికిన మనిషికి ఆ జాగ్రత్త అలవడిందంటే ఆశ్చర్యమేముంది? ఆ జులైలో చేసిన అప్పును అదే ఏడాది చివరికల్లా తీర్చేశారు. బంగారం మాత్రం చాలాకాలం లండన్ ఖజానాలోనే ఉంది. విదేశాల్లో దాచిన బంగారంలోంచి 100 టన్నులకు పైగా రిజర్వు బ్యాంకు స్వదేశానికి తెచ్చుకున్న వార్త మనం 2024లో చదివాం.

బంగారం వెళ్తున్న వారంలోనే రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. జులై 1న ఒకసారి, జులై 3న ఒకసారి. డాలరు 21 రూపాయల నుంచి దాదాపు 26కు చేరింది. మొదటి విడతకు వచ్చిన గగ్గోలు విని పీవీ రెండో విడత ఆపమన్నారు. మన్మోహన్ సింగ్ బొంబాయికి ఫోన్ చేశారు. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్ అప్పటికే ప్రకటన ఇచ్చేశానన్నారు. మనం ఇప్పుడు గొప్ప ధైర్యంగా చెప్పుకునే నిర్ణయం వెనక ఒక అరగంట ఆలస్యం కూడా ఉందన్నమాట. ఆ ధైర్యాన్ని తక్కువ చేయడానికి కాదు ఇది చెప్తున్నది. మెజారిటీ లేని ప్రధానికి భయం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి.

జులై 24 గురించి చాలామంది చాలా చెప్పారు కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. ఆ రోజు బడ్జెట్‌కు కొద్ది గంటల ముందు కొత్త పారిశ్రామిక విధానం సభలో పెట్టారు. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉన్నా, చదివింది సహాయమంత్రి కురియన్. 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. నాలుగు దశాబ్దాల వ్యవస్థ ఒక మధ్యాహ్నం ముగిసింది. అందరి కళ్ళూ బడ్జెట్ మీదున్నాయి గనక దాని మీద పెద్దగా గోల కూడా జరగలేదు. పీవీ లౌక్యం అలాంటిది.

అసలు గోల ఎరువుల దగ్గర వచ్చింది. కొత్త ప్రభుత్వానికి ఖజానా కష్టం ఎక్కడ తగులుతుందో తెలియాలంటే ఎరువుల కథ చూడాలి. యూరియా టన్ను ధర దశాబ్దంగా 2,350 రూపాయల దగ్గర ఉంది. 50 కిలోల బస్తా 117 రూపాయల 50 పైసలు. ప్రపంచ మార్కెట్లో ధర మారినా, గ్యాసు ధర మారినా రైతుకు మారలేదు. తేడా అంతా ప్రభుత్వం నెత్తిన పడింది. మన్మోహన్ సింగ్ ఎరువుల ధర 40 శాతం పెంచారు. బస్తా 165 రూపాయలైంది. పెట్రోలు, గ్యాస్ సిలిండరు 20 శాతం పెరిగినా పట్టణాలు గొణిగి ఊరుకున్నాయి. ఎరువుల పెంపు మీద సొంత పార్టీ ఎంపీలే లేచారు. నాట్లు పడే రోజుల్లో ఈ పెంపేమిటన్నది వాళ్ళ ప్రశ్న. డెల్టా జిల్లాల్లో ఎకరానికి ఎన్ని బస్తాలు పడతాయో ఎరిగినవాళ్ళు అలా అడగక ఏం చేస్తారు? ఆగస్టు మొదట్లో ఆర్థికమంత్రి సభకు వచ్చి పెంపును 30 శాతానికి తగ్గించారు. సన్నకారు, చిన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. బస్తా 153 అయింది.

అక్కడితో ఆగలేదు. ఏడాది తిరిగాక 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. వాటి ధర చుక్కలంటింది. అదే రోజుల్లో యూరియాను ఇంకా తగ్గించారు. బస్తా 138కి వచ్చింది. కాగితం మీద అది బేరం కుదిరినట్టే కనిపించింది: అటు పెంచారు, ఇటు తగ్గించారు. పొలంలో జరిగింది వేరు. చవగ్గా దొరికే యూరియానే రైతు ఎక్కువ చల్లాడు. నత్రజని, భాస్వరం, పొటాష్‌ల పాళ్ళు తప్పాయి. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇవాళ్టికీ నేలతల్లికి యూరియా ఎక్కువైందని మొత్తుకుంటున్నారంటే దాని మూలాల్లో ఒకటి ఆ 1992 నిర్ణయం. ఖజానాలో డబ్బు లేనప్పుడు సగం ధైర్యంతో తీసుకున్న నిర్ణయం ఖజానాకూ పూర్తిగా కలిసిరాలేదు, భూమికీ కలిసిరాలేదు. పీవీ ప్రభుత్వం చేసిన పనుల్లో నేను ఒప్పుకోలేనిది ఏదంటే ఇదే అంటాను.

సరే, మొత్తం మీద ఏమైంది? డాలర్ల లోటు విషయంలో ఆ ప్రభుత్వం గెలిచింది. ఇందులో రెండో మాట లేదు. రెండు వారాలకు సరిపడే నిల్వలు 1994 మార్చి నాటికి 1,500 కోట్ల డాలర్లు దాటాయి. 1991-92లో ఒకటిన్నర శాతం కూడా లేని వృద్ధి, మూడేళ్ళు తిరిగేసరికి ఏటా 6, 7 శాతాలకు చేరింది. ఆ తర్వాత మన దేశం మళ్ళీ బంగారం కుదువ పెట్టలేదు.

రూపాయల లోటు విషయంలో మాత్రం ఆ గెలుపు నిలవలేదు. మొదటి ఏడాది ద్రవ్యలోటును 8 శాతం నుంచి 6 శాతం లోపుకు దించారు. అది మామూలు విషయం కాదు. కాని దించిన తీరు చూడండి. జీతాలు, వడ్డీలు, సబ్సిడీలు తగ్గించడం కష్టం. ఆనకట్ట, రోడ్డు, విద్యుత్ కేంద్రం వాయిదా వేయడం సులభం, ఎందుకంటే ఇంకా కట్టని రోడ్డు ధర్నా చేయదు. కోత ఎక్కువగా ఆ పెట్టుబడి ఖర్చు మీదే పడింది. గండం గడిచిందనిపించగానే పట్టు సడలింది. 1993-94 బడ్జెట్‌లో ద్రవ్యలోటు 4.7 శాతమే ఉంటుందన్నారు. ఏడాది చివరికి అది 7 శాతం దగ్గరికి వెళ్ళింది. అప్పగింతల్లో తీసుకున్న జబ్బులో ఒక భాగం అలాగే ఉండిపోయింది.

అయితే ఆ ప్రభుత్వం చేసిన ఒక పని ఉంది. పెద్దగా ఎవరూ చెప్పుకోరు. అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను. 1955 నుంచి కేంద్ర ప్రభుత్వానికి, రిజర్వు బ్యాంకుకు మధ్య ఒక ఏర్పాటుండేది. ప్రభుత్వ ఖాతాలో నగదు 50 కోట్ల కంటే తగ్గితే రిజర్వు బ్యాంకు తనంతట తానే ప్రభుత్వానికి అప్పు రాసి ఖాతా నింపేది. దానికి బదులుగా ప్రభుత్వం అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే కాగితాలు ఇచ్చేది. మొదట తాత్కాలిక అవసరాలకని పెట్టుకున్నది నలభై ఏళ్ళు నడిచింది. వడ్డీ నామమాత్రం, 4.6 శాతం. పార్లమెంటు అడగనక్కర్లేదు, మార్కెట్ ముందు చేయి చాచనక్కర్లేదు. లోటు ఎంత పెరిగినా నోట్ల ముద్రణతో పూడ్చుకోవచ్చు, దాని బరువు ధరల రూపంలో జనం మోస్తారు. 1994 సెప్టెంబరులో ఆర్థిక శాఖ, అప్పటికి గవర్నరైన రంగరాజన్ నాయకత్వంలోని రిజర్వు బ్యాంకు కూర్చుని, మూడేళ్ళలో ఈ ఏర్పాటుకు స్వస్తి చెప్తామని ఒప్పందం రాసుకున్నాయి.

ఒప్పందం గడువు తీరేలోపు పీవీ ఓడిపోయారు. ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు ఆ కాగితం చించేయవచ్చు. చించలేదు. 1997 ఏప్రిల్ నుంచి, దేవెగౌడ ప్రధానిగా, చిదంబరం ఆర్థికమంత్రిగా ఉండగా, ఆ బిల్లులు రద్దయ్యాయి. తర్వాత లోటుకు హద్దు పెట్టే చట్టాన్ని, అంటే ద్రవ్య బాధ్యత చట్టాన్ని, 2003లో వాజపేయి ప్రభుత్వం తెచ్చింది. 2004 జులైలో దాన్ని అమల్లోకి తెచ్చింది మన్మోహన్ సింగ్ ప్రభుత్వం. 2008 సంక్షోభం వచ్చినప్పుడు ఆ హద్దు దాటిందీ మన్మోహన్ ప్రభుత్వమే. మన రాజకీయాల్లో ఒక పార్టీ పెట్టిన ఒరవడిని ఇంకో పార్టీ నిలబెట్టిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

రాష్ట్రాల కథ ఇదే దారిలో నడిచింది. 1995 సెప్టెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం విడుదల చేశారు. 2 రూపాయల కిలో బియ్యం, మద్యనిషేధం, విద్యుత్ రాయితీ, జీతాలు, అన్నీ కలిసి రాష్ట్రాన్ని ఎక్కడికి తెచ్చాయో అందులో చెప్పారు. బియ్యం ధర 3 రూపాయల 50 పైసలకు పెరిగింది. 1997లో మద్యనిషేధం సడలింది. ఇక్కడా అదే తమాషా. దిగిపోయిన ఎన్.టి. రామారావు ప్రభుత్వంలో ఆర్థికమంత్రి చంద్రబాబే. పార్టీ అదే, మంత్రివర్గమూ దాదాపు అదే.

తర్వాత రంగరాజన్ అధ్యక్షతన వచ్చిన 12వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు ఒక ఆశ చూపింది: మీరూ ద్రవ్య బాధ్యత చట్టం చేసుకుంటే కేంద్రానికి మీరు కట్టాల్సిన పాత బాకీల్లో ఊరట ఇస్తామంది. ఆంధ్రప్రదేశ్ 2005లో చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ చేశాయి. అప్పుకు హద్దు ఏర్పడింది. హద్దు ఏర్పడ్డాక పక్కదారి కూడా ఏర్పడింది. ప్రభుత్వం పేరు మీద కాకుండా ఒక కార్పొరేషన్ పేరు మీద అప్పు తెస్తారు. ప్రభుత్వం గ్యారంటీ సంతకం చేస్తుంది. ఆ కార్పొరేషన్‌కు సొంత రాబడి ఉండదు. అసలూ వడ్డీ కట్టేది చివరికి బడ్జెట్ నుంచే. అలాంటి అప్పులను కూడా రాష్ట్రం రుణ పరిమితిలోనే లెక్కిస్తామని కేంద్రం కొన్నేళ్ళ క్రితం పట్టుబట్టింది. కాగ్ నివేదికలు వాటిని విడిగా ఎత్తి చూపిస్తున్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో శ్వేతపత్రాల తగవంతా ముఖ్యంగా ఇక్కడే ఉంది. కార్పొరేషన్ల అప్పు కలిపితే ఒక అంకె, కలపకపోతే ఇంకో అంకె. గుత్తేదార్లకు కట్టాల్సిన బిల్లులు, ఉద్యోగుల బకాయిలు కలిపితే మూడో అంకె. ఎవరి అవసరానికి తగ్గ అంకె వాళ్ళు చెప్తారు. అందుకని వాళ్ళు అబద్ధం చెప్తున్నారనడానికి లేదు, నిజం మొత్తం చెప్తున్నారనడానికీ లేదు. పైగా ఇవాళ కొత్త ప్రభుత్వంగా పాత గ్యారంటీల మీద మండిపడేవాళ్ళు, రేపు తమ పథకానికి డబ్బు చాలకపోతే అదే దారి పట్టడం మనం చూస్తున్నాం. 1991లో బయటి అప్పులవాడు మెడ మీద కత్తి పెట్టాడు కాబట్టి ఢిల్లీ దారికొచ్చింది. రాష్ట్రాలకు అలాంటి కత్తి లేదు. రిజర్వు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఉంటుంది, కేంద్రం ఉంటుంది, కిందామీదా పడి నెల గడుస్తుంది. జీతాలు వారం ఆలస్యమైనా, ఆస్పత్రుల బిల్లులు ఆగినా లోకం తలకిందులు కాదు. అందుకే రాష్ట్రాల ఖజానా జబ్బు 1991 లాంటి జ్వరంగా రాదు, ఏళ్ళ తరబడి లోలోపలే ఉంటుంది. ఇది నాకు మరింత ఆందోళన కలిగించే విషయం.

చివరగా మీకొక మాట. రాష్ట్ర బడ్జెట్ పెట్టిన ప్రతిసారీ, ద్రవ్య బాధ్యత చట్టం కింద కొన్ని పత్రాలు శాసనసభ ముందు పెడతారు. అందులో వడ్డీ చెల్లింపులు ఎంతో ఉంటుంది, ప్రభుత్వం ఎవరెవరి అప్పుకు ఎంత గ్యారంటీ ఇచ్చిందో ఉంటుంది. వాటి మీద సభలో చర్చ జరిగేది అరుదు. మీ శాసనసభ్యుడు మీ ఊరు వచ్చినప్పుడు రోడ్డు గురించి, పింఛను గురించి తప్పకుండా అడగండి. దాంతో పాటు ఆ గ్యారంటీల జాబితా చదివారా అని కూడా అడగండి. ప్రభుత్వం మారేదాకా ఆగకుండా, ఇప్పుడే అడగండి.